వోల్టేజీ ఒక్కటే చూస్తే చాలదు!

విదేశీ త్రీఫేజ్ యంత్రాలకు మన కరెంటు ఇచ్చే ముందు తెలుసుకోవలసిన సంగతులు

* ట్రాన్స్‌ఫార్మర్ మార్చేది వోల్టేజీని మాత్రమే.. ఫ్రీక్వెన్సీని కాదు
* అంకె దగ్గరగా ఉన్నా మోటారు కాలిపోయే ప్రమాదం
* నేమ్‌ప్లేటు చదివాకే బయానా ఇవ్వడం మేలు

విజయవాడ: విదేశాల్లో కొన్నేళ్లు పనిచేసిన లేతులు, మిల్లింగ్ యంత్రాలు, ఆఫ్‌సెట్ ముద్రణ యంత్రాలు, ప్లాస్టిక్ అచ్చు యంత్రాలు రేవుల్లో దిగి తెలుగు రాష్ట్రాల్లోని చిన్న పరిశ్రమలకు చేరుతుంటాయి. కొత్త యంత్రం ధరలో కొంత భాగానికే దొరకడంతో బ్యాంకు రుణం తీసుకునో, బంగారం కుదువపెట్టో యజమానులు వీటిని కొంటుంటారు. బేరం కుదుర్చుకునేటప్పుడు యంత్రం వయసు, అరుగుదల, విడిభాగాల లభ్యత వంటివన్నీ ఆరా తీస్తారు. అయితే అది ఏ కరెంటుతో నడిచేలా తయారైందన్న ప్రశ్న చాలా సందర్భాల్లో యంత్రం షెడ్డులో దిగిన తరువాత గానీ తలెత్తదు. అప్పటికి సొమ్ము చేతులు మారి ఉంటుంది. తొందరపడి స్విచ్ వేస్తే మోటారు గానీ, అంతకంటే ఖరీదైన ఎలక్ట్రానిక్ డ్రైవ్ గానీ నిమిషాల్లో కాలిపోవచ్చు. పని మొదలుకాకముందే వాయిదాలు కట్టవలసిన పరిస్థితి ఎదురవుతుంది. కాస్త లెక్క తెలిస్తే ఈ నష్టాన్ని పూర్తిగా తప్పించుకోవచ్చు.

దేశానికో తీరు

మన దేశంలో త్రీఫేజ్ సరఫరా రెండు ఫేజ్‌ల మధ్య 415 వోల్టులు, ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 240 వోల్టులు. వాడుకలో దీనినే '440 కరెంటు' అంటుంటారు. 240ని 1.732తో గుణిస్తే 415 వస్తుంది. మూడు ఫేజ్‌ల తరంగాలు ఒకేసారి కాక ఒకదాని వెంట ఒకటి రావడం వల్ల ఈ 1.732 రెట్ల సంబంధం ఏర్పడుతుంది. సరఫరా ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. అంటే కరెంటు తరంగం సెకనుకు 50 ఆవృత్తులు పూర్తి చేస్తుంది. దేశవ్యాప్త గ్రిడ్‌లో దీనిని 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలన్నది నిబంధన.

ఇతర దేశాల్లో ఈ రెండు అంకెలూ మారిపోతాయి. ఐరోపా దేశాల్లో 400 వోల్టులు, 50 హెర్ట్జ్. చైనాలో 380 వోల్టులు, 50 హెర్ట్జ్. దక్షిణ కొరియాలో 380 వోల్టులే అయినా ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్. అమెరికా కర్మాగారాల్లో 480 వోల్టులు, చిన్న భవనాల్లో 208 వోల్టులు ఎక్కువగా వాడుకలో ఉండగా రెండింటికీ ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జే. కెనడా పరిశ్రమల్లో 600 వోల్టులు కూడా ఉంది. గల్ఫ్ దేశాల్లో సౌదీ అరేబియాది 60 హెర్ట్జ్ కాగా యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్‌లలో మనలాగే 50 హెర్ట్జ్.

జపాన్ పరిస్థితి మరీ విచిత్రం. అక్కడ త్రీఫేజ్ వోల్టేజీ 200 మాత్రమే. పైగా టోక్యో ఉన్న తూర్పు ప్రాంతంలో 50 హెర్ట్జ్, ఒసాకా ఉన్న పశ్చిమ ప్రాంతంలో 60 హెర్ట్జ్. 1890లలో టోక్యో జర్మనీ నుంచి, ఒసాకా అమెరికా నుంచి జనరేటర్లు తెప్పించుకోవడంతో మొదలైన ఈ తేడా నేటికీ కొనసాగుతోంది. 2011 మార్చి భూకంపం, సునామీల తరువాత తూర్పు ప్రాంతం కరెంటు కొరతతో అల్లాడగా పశ్చిమం నుంచి సుమారు 10 లక్షల కిలోవాట్ల మేరకే పంపగలిగారు. రెండింటినీ కలిపే ఫ్రీక్వెన్సీ మార్పిడి కేంద్రాల సామర్థ్యం అప్పట్లో అంతే. ఒక దేశానికే కష్టమైన పని ఒక చిన్న వర్క్‌షాపుకు సులువు కాదని దీనినిబట్టి గ్రహించవచ్చు.

అసలు చిక్కు ఎక్కడ?

వోల్టేజీ తేడాను ట్రాన్స్‌ఫార్మర్‌తో సరిదిద్దవచ్చు. 415ను 200కు దించవచ్చు, 480కి పెంచవచ్చు. అయితే లోనికి 50 హెర్ట్జ్ వెళితే బయటికి వచ్చేది కూడా 50 హెర్ట్జే. 'వోల్టేజీ సరిచేశాం కదా, ఇక భయమేముంది' అన్న ధీమాతోనే చాలా మోటార్లు కాలిపోతుంటాయి.

మోటారులోనూ, ట్రాన్స్‌ఫార్మర్‌లోనూ, కాంటాక్టర్ కాయిల్‌లోనూ ఉండేది రాగి చుట్ట, దాని మధ్య ఇనుప కోరు. ఆ ఇనుములో పుట్టే అయస్కాంత బలం వోల్టేజీని ఫ్రీక్వెన్సీతో భాగించగా వచ్చే నిష్పత్తిపై ఆధారపడి ఉంటుంది. అదే వోల్టేజీ వద్ద ఫ్రీక్వెన్సీ 60 నుంచి 50కి తగ్గితే అయస్కాంత బలం 20 శాతం పెరగవలసి వస్తుంది. ఇనుముకు ఒక హద్దు ఉంది. నిండిన కుండలో పోసిన నీరు పైకి పొర్లినట్లు ఆ హద్దు దాటాక వోల్టేజీ కొద్దిగా పెరిగినా కరెంటు అమాంతం ఎక్కువవుతుంది. లోడు లేకుండా ఉత్తినే తిరుగుతున్న మోటారు సైతం వేడెక్కి, గుర్రుమని శబ్దం చేస్తూ చివరకు వైండింగ్ కాలిపోతుంది.

దీనికి సులువైన లెక్క ఉంది. 60 హెర్ట్జ్ మోటారు నేమ్‌ప్లేటుపై ఉన్న వోల్టేజీని 5తో గుణించి 6తో భాగించాలి. మన 50 హెర్ట్జ్‌పై ఆ మోటారుకు ఇవ్వదగిన వోల్టేజీ అదే.

* 480 వోల్టుల మోటారుకు ఇక్కడ ఇవ్వదగినది 400
* 380 వోల్టుల మోటారుకు 317
* 240 వోల్టుల మోటారుకు 200
* 220 వోల్టుల మోటారుకు 183
* 208 వోల్టుల మోటారుకు 173

ఈ లెక్క మోటార్లకు, కాయిళ్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు మాత్రమే వర్తిస్తుంది. హీటర్లకు, ఎలక్ట్రానిక్ పరికరాలకు నేమ్‌ప్లేటుపై ఉన్న వోల్టేజీనే ఇవ్వాలి.

దగ్గరగా ఉన్నదే ముంచుతుంది

పై లెక్కను చూస్తే ఆశ్చర్యం కలిగించే విషయం బయటపడుతుంది. 380 వోల్టుల కొరియా యంత్రం మన 415కు దగ్గరగా ఉన్నట్లు కనిపిస్తుంది. తేడా 35 వోల్టులే కదా అని నేరుగా కలిపేయాలనిపిస్తుంది. కానీ ఆ మోటారుకు 50 హెర్ట్జ్‌పై 317 వోల్టులు చాలు. 415 ఇస్తే ఇనుప కోరుపై భారం 31 శాతం పెరుగుతుంది. అది ఎక్కువ కాలం నిలవదు.

అమెరికా 480 వోల్టుల యంత్రం మనకు చాలా దూరంగా ఉన్నట్లు కనిపిస్తుంది. కానీ దాని మోటారుకు 50 హెర్ట్జ్‌పై కావలసింది 400 వోల్టులు. మన 415 అంతకంటే 4 శాతం లోపే ఎక్కువ. నేమ్‌ప్లేటుపై 460 అని ఉన్నా తేడా 8 శాతం దాకానే ఉంటుంది. కాబట్టి ఇలాంటి మోటార్లు చాలావరకు ట్రాన్స్‌ఫార్మర్ లేకుండానే మన లైనుపై తిరుగుతాయి. వేగం మాత్రం ఆరింట ఐదు వంతులకు తగ్గుతుంది. 'యంత్రానికి 480 కావాలి' అని 415ను ట్రాన్స్‌ఫార్మర్‌తో 480కి పెంచి మోటారుకు ఇస్తేనే ముప్పు. అప్పుడు కోరుపై భారం 20 శాతం ఎక్కువవుతుంది. అంటే సొమ్ము ఖర్చుపెట్టి మరీ మోటారును కాల్చుకున్నట్లవుతుంది.

అమెరికా మోటార్లలో మరో వెసులుబాటు ఉంది. నేమ్‌ప్లేటుపై 230/460 అని రెండు అంకెలున్న మోటారు నుంచి సాధారణంగా తొమ్మిది వైర్లు బయటికి వస్తాయి. వాటిని తక్కువ వోల్టేజీకి ఒక విధంగా, ఎక్కువ వోల్టేజీకి మరో విధంగా కలుపుతారు. అమెరికాలో 230పై నడిచిన యంత్రమైనా ఈ వైర్లను 460 పద్ధతిలోకి మార్చితే 415కు కలపవచ్చు. కలిపే పటం మోటారు ప్లేటుపైనో, టెర్మినల్ డబ్బా మూత లోపలో ఉంటుంది.

ఐరోపా మోటార్ల విషయంలో స్టార్, డెల్టా తేడా ముఖ్యం. 230/400 అని ఉన్న మోటారును మన లైనుపై స్టార్‌లోనే కలపాలి. 400/690 అని ఉన్నదానిని డెల్టాలో కలపాలి. మొదటి రకాన్ని పొరపాటున డెల్టాలో కలిపితే ప్రతి చుట్టపై 1.732 రెట్ల వోల్టేజీ పడి నిమిషాల్లో పొగ వస్తుంది. సరిగా కలిపితే ఐరోపా యంత్రాలకు సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. చైనా 380 వోల్టుల యంత్రాలకు ఫ్రీక్వెన్సీ బెడద లేకున్నా 415 అంటే 9 శాతం అధికం. రాత్రివేళ లోడు తగ్గి లైను వోల్టేజీ మరింత పెరిగే చోట రక్షణ అవసరం.

జపాన్ యంత్రానికి 200.. 220 కాదు

జపాన్‌లో రెండు ఫ్రీక్వెన్సీలు ఉండటం మనకు ఒక విధంగా కలిసివచ్చింది. అక్కడి తయారీదారులు దేశమంతటా అమ్ముకునేందుకు సాధారణ మోటార్లను రెండింటికీ పనికివచ్చేలా తయారు చేస్తారు. చాలా నేమ్‌ప్లేట్లపై 200 వోల్టులు 50 హెర్ట్జ్, 200 వోల్టులు 60 హెర్ట్జ్, 220 వోల్టులు 60 హెర్ట్జ్ అని మూడు వరుసలు కనిపిస్తాయి. 220 వోల్టులు 50 హెర్ట్జ్ అన్న వరుస మాత్రం ఉండదు.

ఇక్కడే పొరపాటు జరుగుతోంది. 'జపాన్ మెషీన్‌కు 200-220' అని నోటిమాటగా చెబితే ట్రాన్స్‌ఫార్మర్ చేసేవారు 220కే చుట్టి ఇచ్చే అవకాశం ఉంది. మన 50 హెర్ట్జ్‌పై అది 10 శాతం అధికం. లైను వోల్టేజీ పెరిగిన రోజున ఇంకా ఎక్కువ. కాబట్టి ఆర్డరులో 200 వోల్టులని స్పష్టంగా రాయించాలి. దానికి అటూ ఇటూ 190, 210 ట్యాపులు పెట్టించుకుంటే సర్దుబాటుకు వీలుంటుంది.

200 వోల్టుల డెల్టా మోటారును స్టార్‌లోకి మార్చి 415కు కలిపే చిట్కా కూడా ప్రచారంలో ఉంది. అలా చేస్తే ఒక్కో చుట్టపై 240 వోల్టులు పడతాయి. అది 20 శాతం అధికం. ఈ చిట్కా 240 వోల్టుల దరిదాపుల్లో 50 హెర్ట్జ్‌కు తయారైన మోటార్లకే పనికివస్తుంది గానీ జపాన్ మోటార్లకు కాదు.

సీఎన్‌సీ యంత్రాల్లో కుదురును, సర్వో మోటార్లను నడిపే డ్రైవ్‌లు వచ్చిన కరెంటును ముందుగా డీసీగా మార్చుకుంటాయి. అందువల్ల 50, 60 తేడా వాటికి సాధారణంగా పట్టదు. వోల్టేజీ సరిగ్గా ఉంటే చాలు. కానీ అదే యంత్రంలోని కూలెంట్ పంపు, హైడ్రాలిక్ మోటారు, ఫ్యాన్లు నేరుగా లైనుపై తిరుగుతాయి. ఫ్రీక్వెన్సీ లెక్క వాటి విషయంలోనే చూసుకోవాలి. ఒక్కో చిన్న మోటారు ప్లేటునూ విడివిడిగా చదవవలసిందే.

కేవీఏ లెక్క ఇలా

యంత్రం నేమ్‌ప్లేటుపై కేవీఏ గానీ, పూర్తి లోడు ఆంపియర్లు గానీ ఉంటాయి. వోల్టేజీని ఆంపియర్లతో, ఆ వచ్చినదానిని 1.732తో గుణించి 1000తో భాగిస్తే కేవీఏ వస్తుంది. ఉదాహరణకు 200 వోల్టుల వద్ద 60 ఆంపియర్లు తీసుకునే యంత్రానికి 20.8 కేవీఏ అవసరం. దీనికి 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోవాలి. డ్రైవ్‌లు తీసుకునే కరెంటు సాఫీగా కాక పోట్లు పోట్లుగా ఉండి ట్రాన్స్‌ఫార్మర్‌ను అదనంగా వేడెక్కిస్తుంది. అలాంటి యంత్రాలకు ఒక సైజు పెంచుకోవడం శ్రేయస్కరం.

పెద్ద మోటారు నేరుగా స్టార్ట్ అయ్యే యంత్రమైతే మరింత జాగ్రత్త అవసరం. ఆ క్షణంలో మోటారు పూర్తి లోడు కరెంటుకు 6 నుంచి 7 రెట్లు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైతే వోల్టేజీ పడిపోయి కాంటాక్టర్లు టకటకమని విడిపోతాయి.

పై ఉదాహరణలో 200 వోల్టుల వైపు 60 ఆంపియర్లు ప్రవహిస్తే 415 వైపు 29 ఆంపియర్లే ఉంటాయి. అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి యంత్రం వరకు లావైన కేబుల్ వేయాలి. కనుక ట్రాన్స్‌ఫార్మర్‌ను మీటరు దగ్గర కాక యంత్రం పక్కనే ఉంచితే కేబుల్ ఖర్చు కలిసివస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆన్ చేసిన క్షణంలో దాని సాధారణ కరెంటుకు పది రెట్ల వరకు ఒక్క ఉదుటున లాగడం సహజం. మామూలు ఎంసీబీ ఆ దెబ్బకు పడిపోతుంది. దానికి తగిన రకం బ్రేకరు వేయించాలి తప్ప అవసరానికి మించిన పెద్దది వేసి రక్షణ లేకుండా చేసుకోరాదు.

వైండింగ్ రాగిదా, అల్యూమినియందా అన్నది బిల్లుపై రాయించుకోవాలి. పని లేని వేళల్లో ట్రాన్స్‌ఫార్మర్‌ను 415 వైపే ఆపివేయాలి. యంత్రం ఆగి ఉన్నా ట్రాన్స్‌ఫార్మర్ కొంత కరెంటు తింటూనే ఉంటుంది.

చవకైనదా.. క్షేమకరమైనదా?

ట్రాన్స్‌ఫార్మర్లలో రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. ఆటోట్రాన్స్‌ఫార్మర్‌లో ఒకే చుట్ట ఉండి దాని మధ్య నుంచి తక్కువ వోల్టేజీని తీస్తారు. ఇనుము, రాగి తక్కువ పడతాయి. 415 నుంచి 200కు 25 కేవీఏ ఇవ్వాలంటే సుమారు 13 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు పట్టే సరుకుతోనే తయారవుతుంది. అందుకే ధర తక్కువ. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్టలు వేర్వేరుగా ఉంటాయి. లైనుకూ యంత్రానికీ తీగ ద్వారా సంబంధం ఉండదు.

ఆటోట్రాన్స్‌ఫార్మర్‌లో ఉమ్మడి చుట్ట ఎక్కడైనా తెగితే 200 వోల్టుల టెర్మినల్‌పై ఇంచుమించు పూర్తి లైను వోల్టేజీ ప్రత్యక్షమవుతుంది. ఆ క్షణంలో డ్రైవ్‌లు, కంట్రోల్ బోర్డులు దక్కవు. తక్కువ ఖరీదు చేసే సాధారణ మోటారు యంత్రాలకు ఆటో రకం సరిపోవచ్చు. లక్షల విలువైన ఎలక్ట్రానిక్స్ ఉన్న యంత్రానికి మాత్రం ఐసోలేషన్ రకమే మేలు. 415 వైపు డెల్టాగా, 200 వైపు స్టార్‌గా చుట్టించి స్టార్ మధ్య బిందువును ఎర్త్ చేస్తే యంత్రం వైపు ఏ ఫేజ్‌కైనా భూమికీ మధ్య 115 వోల్టులే ఉంటాయి. లోపం ఏర్పడితే ఫ్యూజు త్వరగా పోతుంది.

డ్రైవ్ పెడితే సరిపోదా?

ఫ్రీక్వెన్సీని కూడా మార్చగలిగే సాధనం వీఎఫ్‌డీ. 50 హెర్ట్జ్ తీసుకుని 60 హెర్ట్జ్ ఇవ్వగలదు. అయితే దాని నుంచి వచ్చేది సాఫీ తరంగం కాదు. తెగ్గొట్టిన పోట్ల వరుస. మోటారు దానిని భరిస్తుంది గానీ కంట్రోల్ బోర్డులు, కాంటాక్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు భరించలేవు. కనుక ఒక వీఎఫ్‌డీ తెచ్చి మొత్తం యంత్రానికి కలపడం పొరపాటు. వేగం తప్పనిసరి అయిన మోటారు ఒక్కదానికే దానిని వాడాలి.

200 వోల్టుల మోటారుకు 415 వోల్టుల వీఎఫ్‌డీని కలిపి సెట్టింగులో 200కు తగ్గించడం మరో అలవాటు. సగటున 200 వోల్టులే కనిపించినా ఒక్కో పోటు ఎత్తు 587 వోల్టుల వరకు ఉంటుంది. పాత మోటారు ఇన్సులేషన్ దానికి ఎక్కువ కాలం నిలవదు. ట్రాన్స్‌ఫార్మర్‌తో 200కు దించి, 200 వోల్టుల తరగతి వీఎఫ్‌డీని వాడటమే సరైన పద్ధతి.

యంత్రం మొత్తానికీ 60 హెర్ట్జ్ కావలసి వస్తే సాఫీ తరంగం ఇచ్చే స్టాటిక్ ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ గానీ, మోటారు జనరేటర్ సెట్ గానీ పెట్టాలి. వాటి ఖర్చు పాత యంత్రం ధరతో పోటీపడవచ్చు. అంతకంటే నేరుగా తిరిగే మోటార్లను తీసివేసి మన దేశంలో దొరికే 415 వోల్టుల మోటార్లను బిగించి, కంట్రోల్ భాగానికి మాత్రం చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం తరచు చవకవుతుంది. కొరియా యంత్రాల వంటివాటికి ఇదే దారి.

వేగం తగ్గితే ఏమవుతుంది?

60 హెర్ట్జ్‌పై నిమిషానికి 1750 చుట్లు తిరిగే నాలుగు పోల్స్ మోటారు 50 హెర్ట్జ్‌పై సుమారు 1450 చుట్లే తిరుగుతుంది. బెల్టుతో నడిచే యంత్రమైతే మోటారు కప్పీని పెద్దది చేసి వేగాన్ని రాబట్టవచ్చు. 100 మిల్లీమీటర్ల కప్పీ బదులు 120 మిల్లీమీటర్లది వేస్తే సరిపోతుంది. అయితే మోటారుపై లోడు పెరుగుతుంది కనుక ఆంపియర్లు కొలిచి చూడాలి. పంపులు, ఫ్యాన్ల తీరు వేరు. వేగం ఆరింట ఐదు వంతులైతే నీటి పరిమాణం 83 శాతానికి, ఒత్తిడి 69 శాతానికి పడిపోతాయి. కరెంటు ఖర్చు 58 శాతానికి తగ్గుతుంది. హీటర్లకు వోల్టేజీ తగ్గితే వేడి తగ్గుతుంది. 480 వోల్టుల హీటరుకు 415 ఇస్తే మూడు వంతుల వేడే వస్తుంది.

రంగుల్లో పొంచి ఉన్న ముప్పు

యంత్రం నష్టం ఒక ఎత్తు, ప్రాణనష్టం మరో ఎత్తు. మన దేశంలో ఎరుపు, పసుపు, నీలం ఫేజ్‌లకు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్త్‌కు వాడుతూ వచ్చారు. ఐరోపా యంత్రాల్లో గోధుమ, నలుపు, బూడిద రంగులు ఫేజ్‌లు. నీలం న్యూట్రల్. అంటే మనకు న్యూట్రల్ అయిన నలుపు అక్కడ ఫేజ్. మనకు ఫేజ్ అయిన నీలం అక్కడ న్యూట్రల్. రంగును నమ్మి కలిపితే 240 వోల్టులు అందవలసిన కంట్రోల్ భాగానికి 415 అందుతుంది. ఎర్త్‌ను గుర్తించడంలో పొరపడితే యంత్రం ఒళ్లంతా కరెంటు పాకుతుంది. టెర్మినల్ దగ్గరి అక్షరాలను, యంత్రంతో వచ్చిన పటాన్ని చూసి, మీటరుతో సరిచూసుకున్నాకే కలపాలి.

త్రీఫేజ్ మోటారు చట్రానికి రెండు వేర్వేరు ఎర్త్ తీగలు ఉండాలన్నది మన దేశ నిబంధన. ఒకటి తెగినా రెండోది కాపాడుతుంది. విదేశాల్లో ఒకే ఎర్త్ తీగతో వచ్చిన యంత్రానికి ఇక్కడ రెండోది తప్పక కలపాలి. ట్రాన్స్‌ఫార్మర్ బాడీకీ ఇదే వర్తిస్తుంది.

లైను వోల్టేజీ పడిపోయే చోట

పట్టణాలకు దూరంగా, లైను చివర ఉన్న షెడ్లలో ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజీ పడిపోవడం తెలిసిందే. ట్రాన్స్‌ఫార్మర్ స్టెబిలైజర్ కాదు. 415 తగ్గి 360 అయితే 200 రావలసిన చోట 173 మాత్రమే వస్తుంది. సీఎన్‌సీ డ్రైవ్‌లు అలారం చూపి ఆగిపోతాయి. మోటార్లు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతాయి. అలాంటి చోట ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందు త్రీఫేజ్ సర్వో స్టెబిలైజర్ పెట్టుకోవాలి. ఒక ఫేజ్ పోయినప్పుడు మోటారును ఆపివేసే ప్రివెంటర్ తప్పనిసరి. మూడు ఫేజ్‌ల వోల్టేజీల్లో కొద్దిపాటి తేడా ఉన్నా మోటారు కరెంటులో తేడా అంతకు అనేక రెట్లు ఉంటుంది. కనుక మూడింటినీ కొలవడం అలవాటు చేసుకోవాలి.

కొత్త యంత్రం లోడు మంజూరైన లోడును మించితే విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసి అదనపు లోడు పొందాలి. బిగింపు పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుతో చేయించడం చట్టరీత్యానే కాక భద్రత దృష్ట్యా కూడా అవసరం.

తొలిసారి స్విచ్ వేసే ముందు

* యంత్రాన్ని కలపకుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రమే కరెంటు ఇచ్చి మూడు ఫేజ్‌ల మధ్య వోల్టేజీని కొలవాలి. మూడూ సమానంగా ఉండాలి. ప్రతి ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా కొలవాలి.
* యంత్రం లోపల ట్యాపులున్న ట్రాన్స్‌ఫార్మర్ ఉందేమో చూడాలి. ఎగుమతి కోసం తయారైన యంత్రాల్లో 200, 380, 415, 440 ట్యాపులు ఉండవచ్చు. అలా ఉంటే బయట మరొకటి కొనవలసిన పనే ఉండదు.
* మోటార్లను మెగ్గర్‌తో పరీక్షించేటప్పుడు డ్రైవ్‌ల నుంచి వైర్లు విప్పాలి. కలిపి ఉండగా మెగ్గర్ పెడితే డ్రైవ్ పోతుంది.
* ఏళ్ల తరబడి మూలనపడి ఉన్న డ్రైవ్‌కు ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇవ్వరాదు. కెపాసిటర్లు పేలవచ్చు. అనుభవజ్ఞుల చేత నెమ్మదిగా వోల్టేజీ పెంచుతూ సిద్ధం చేయించాలి.
* ఫేజ్‌ల వరుసను మీటరుతో చూడాలి. మోటారు తిరగబడి తిరిగితే హైడ్రాలిక్ పంపులు, కొన్ని రకాల కంప్రెసర్లు పాడవుతాయి. ఏవైనా రెండు ఫేజ్‌లను తారుమారు చేస్తే దిశ మారుతుంది.
* ఓవర్‌లోడ్ రిలేను మన వోల్టేజీ వద్ద ఉండవలసిన ఆంపియర్లకు సరిచేయాలి.
* మొదటి గంట లోడు లేకుండా నడిపి, మోటారు వేడినీ ఆంపియర్లనూ గమనించాలి. లోడు లేకుండానే ఆంపియర్లు పూర్తి లోడుకు దగ్గరగా ఉంటే వోల్టేజీ, ఫ్రీక్వెన్సీల లెక్క తప్పిందని అర్థం. వెంటనే ఆపివేయాలి.

బేరానికి ముందే అడగాలి

యంత్రం ధరకు ట్రాన్స్‌ఫార్మర్, కేబుల్, బ్రేకరు, ఎర్తింగ్, అవసరమైతే స్టెబిలైజర్, మార్చవలసిన మోటార్ల ఖర్చులు కూడా కలిపి చూస్తేనే అసలు ధర తెలుస్తుంది. అన్నీ కలిపాక చవక యంత్రం చవకగానే ఉందో లేదో అప్పుడు తేల్చుకోవచ్చు. 50 హెర్ట్జ్ యంత్రం, 60 హెర్ట్జ్ యంత్రం ఒకే ధరకు దొరుకుతుంటే మొదటిదే తీసుకోవాలి. జపాన్ యంత్రమైతే అది అక్కడ ఏ ప్రాంతంలో పనిచేసిందో కూడా అడగాలి.

అమ్మేవారి నోటిమాట కాక, యంత్రం ప్రధాన నేమ్‌ప్లేటు, లోపలి ఒక్కో మోటారు ప్లేటు, కంట్రోల్ ప్యానెల్ లోపలి భాగం ఫొటోలు తెప్పించుకోవాలి. వాటిపై వోల్టులు, హెర్ట్జ్, ఆంపియర్లు ఉంటాయి. నేడు అవి ఫోనుకే వస్తాయి. వాటిని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కో, వైండింగ్ షాపులోనో చూపించి లెక్క వేయించుకున్న తరువాతే బయానా ఇవ్వాలి. ఫొటో తెప్పించుకోవడానికి ఖర్చేమీ కాదు. కాలిపోయిన డ్రైవ్ తిరిగి రావడానికి మాత్రం నెలలు పట్టవచ్చు.